ఇవాళ జరిగిందే చెప్పాలి

ఆ దర్జీకి బట్టలు ఇవ్వడం తేలిక, తిరిగి తెచ్చుకోవడమే కష్టం. చీటీ చూపిస్తే చాలదు. చీటీ వెనక అతను గుండ్రటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు మాట రాసిచ్చేవాడు. గెట్ అప్, పుట్ ఆఫ్, రన్ అవుట్, లుక్ ఆఫ్టర్, ఇలాంటివి. బడిపుస్తకాల్లో వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. అతను మాత్రం తోకమాటలు అనేవాడు.

"గెట్ ఉందే, అది తోకలేని జంతువండీ. అప్ తగిలించండి, మంచం మీంచి లేస్తుంది. ఆఫ్ తగిలించండి, బస్సు దిగిపోతుంది. అదే తోక తీసి పుట్‌కి పెట్టండి, పనంతా రేపటికి వాయిదా!" అనేవాడు పళ్ల మధ్య రెండు గుండుసూదులు పట్టుకునే.

చీటీ మీది తోకమాటతో ఒక వాక్యం చెబితేనే కొక్కేనికి వేలాడే చొక్కా కిందికి దిగేది. అదీ ఏదో ఒక వాక్యం కాదు. "ఇవాళ జరిగిందే చెప్పాలి. మీ ఇంట్లోనో, మీ పనిలోనో. గైడులోది చెప్పారా, చొక్కా కొక్కేనికే." ఇదీ నియమం. పెళ్లికొడుకైనా సరే, సూటు కోసం వచ్చి గంటసేపు బెంచీ మీద కూర్చుని ఆలోచించాల్సిందే.

అతను పోయి రెండేళ్లయింది. ఆ కొట్టులో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. పని అవగానే ఫోను చేతిలో పెట్టేస్తున్నారు, ఏమీ అడగడం లేదు. వీధిలో చాలామందికి అది మోసంలా అనిపిస్తోంది.

ఒకసారి పోస్ట్‌మ్యాన్‌కి 'రన్ ఆఫ్టర్' వచ్చింది. వెంటపడటం.

"ఎ డాగ్ రాన్ ఆఫ్టర్ మీ," అన్నాడు పోస్ట్‌మ్యాన్ ఛాతీ విరుచుకుని.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

"నిన్నటి కుక్క నాకెందుకండీ? ఇవాళ్టి కుక్క కావాలి."

బెంచీ మీదున్న నలుగురూ కిసుక్కున నవ్వారు. పోస్ట్‌మ్యాన్‌కి పౌరుషం పొడుచుకొచ్చి బయటికి వెళ్లిపోయాడు. పావుగంటకి రొప్పుతూ వచ్చాడు. కుడికాలి దగ్గర ప్యాంటు అంచు ఊడి వేలాడుతోంది.

"ఎ డాగ్ రాన్ ఆఫ్టర్ మీ! ఇప్పుడే! సాక్ష్యం కావాలంటే గుమ్మంలోనే ఉంది!"

నిజంగానే ఉంది. నాలుక బయటపెట్టి అది కూడా చొక్కా కోసం వచ్చినట్టే చూస్తోంది. దర్జీ చొక్కా దించి ఇచ్చి, "కాలిలా పెట్టండి, ఆ అంచు కూడా కుట్టేస్తాను," అన్నాడు.

"దానికి మళ్లీ ఇంకో వాక్యమా?"

"వద్దులెండి. అది కుక్క చెప్పేసింది."

వీధంతా పొట్ట పట్టుకు నవ్విన ఈ కథకి నవ్వని మనిషి ఒక్కతే. ఆ దర్జీకి తోడబుట్టిన అక్క. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు టీచరు.

ఇంగ్లీషు ఆ ఇంట్లో ఆమె సొత్తు. తమ్ముడు పదో తరగతి ఇంగ్లీషులో మూడుసార్లు తప్పి, నాలుగోసారి హాల్ టికెట్టుని కాలరు నమూనాగా కత్తిరించుకున్న ఘనుడు. అలాంటివాడు ఇంగ్లీషుకి పెద్దదిక్కయి కూర్చుంటే ఏ అక్క కడుపు చల్లగా ఉంటుంది? టీచరు కడుపులో పగలంతా ఇస్త్రీపెట్టె పొగలు కక్కుతూనే ఉండేది.

పైగా ఆమె పాఠం ఎలా సాగేదంటే, ఆమె బోర్డు మీద రాసేది, నలభై ఆరుగురు ఆడపిల్లలు ఒకే రాగంలో "పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయుట, గివ్ అప్ అంటే మానివేయుట" అని పాడేవాళ్లు. రెండో చరణానికి కిటికీ మీది పిచ్చుక కూడా కళ్లు మూసేది. శనివారం సాయంత్రాలు ఆమె ఎవరూ అడక్కుండానే పందొమ్మిదేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు నడుపుతోంది. ఒకప్పుడు బెంచీలు చాలేవి కావు. ఈ మధ్య ఇరవై మంది, పది మంది, ఆరుగురు. వాళ్లలో ఒకరు చెప్పులు మర్చిపోయి తిరిగొచ్చిన పిల్ల.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ వీధిన పోతుంటే తమ్ముడి కొట్లోంచి తెలిసిన గొంతు వినిపించింది. వెనకబెంచీ అమ్మాయిది. క్లాసులో ఆ పిల్ల నోరు తెరిచేది ఆవలించడానికే. అలాంటిది ఇక్కడ గడగడా చెబుతోంది. "మై గ్రాండ్‌మదర్ లాక్డ్ మీ అవుట్, సో ఐ గాట్ ఇన్ త్రూ ది బాత్రూం విండో!" బామ్మ తెలియక తలుపేసేస్తే బాత్రూం కిటికీలోంచి దూరిందట. చిరిగిన స్కర్టు సాక్ష్యం.

టీచరు గబుక్కున పక్కనున్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ముందు పేర్చిన బకెట్ల వెనక నక్కింది. చెవులు రిక్కించి మొత్తం వింది. విన్నకొద్దీ ఒళ్లు మండింది. చివరికి ప్లాస్టిక్ కొట్టాయన వచ్చి, "ఏ రంగు కావాలమ్మా?" అంటే, తప్పక ఒక బకెట్ కొనుక్కుని ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత వారానికో రోజు ఆమెకి బకెట్ అవసరం పడుతూ వచ్చింది. నాలుగో వారానికి ఎవరు పెట్టారో, బకెట్ల వెనక నీడలో ఒక స్టూలు కూడా కనిపించింది. ఇవాళ అదృష్టం బాగుందనుకుని దాని మీద కూర్చుంది.

"మనిద్దరికీ ఏడు బకెట్లెందుకే?" అన్నాడు భర్త ఒకరోజు స్నానాల గదిలోకి వెళ్లబోయి, దారి లేక తిరిగొచ్చి.

"నీళ్లు పట్టడానికి."

"పనిచేసేది నీళ్ల ఆఫీసులో, నీళ్ల గురించి నాకు చెబుతావా?" అని నవ్వాడాయన. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన భార్యతో ఇంగ్లీషులో అన్నది ఒకే ఒక్క థాంక్యూ, అదీ పొరపాటున. అలాంటి మనిషి ఆ వారం నుంచి వింతగా ప్రవర్తించసాగాడు. కుళాయి తిప్పి వదిలేస్తున్నాడు. తడి తువ్వాలు దిండు మీద వేస్తున్నాడు. చివాట్లు పడగానే మొహం వెలిగిపోయి, చెప్పులేసుకుని వీధిలోకి పరుగు.

మూడో రోజు ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఎక్కడికి?"

"మీ తమ్ముడి కొట్టుకి. నాకు 'టెల్ ఆఫ్' వచ్చింది, చివాట్లు పెట్టడం. మై వైఫ్ టోల్డ్ మీ ఆఫ్ ఫర్ లీవింగ్ ది ట్యాప్ ఆన్! ఎలా ఉంది? నిన్న చెబితే అంతా చప్పట్లు కొట్టారు తెలుసా! ప్యాంటు ఇచ్చేశాడు. ఇవాళ చొక్కా."

"అంటే వాక్యం కోసం కుళాయి వదిలేశారా?"

"మరి ఇవాళ జరిగిందే చెప్పాలి కదా!"

"తిట్లు నావి, నోరు నాది, నొప్పెట్టిన గొంతు నాది. చప్పట్లు మాత్రం మీకు, పేరు మాత్రం వాడికి!" టీచరు బకెట్ల మధ్య కూలబడింది. "మిమ్మల్ని అడుగుతాడు. పోస్ట్‌మ్యాన్‌ని అడుగుతాడు. రేపో మాపో ఆ కుక్కనీ అడుగుతాడు. సొంత అక్కని మాత్రం ఒక్కనాడైనా అడిగాడా?"

అదీ అసలు గాయం. ఆమె ఎన్ని బట్టలు కుట్టించుకున్నా తన చీటీ వెనక ఎప్పుడూ ఖాళీయే. తిప్పి చూసేది. ఎండకి ఎత్తి పట్టుకుని చూసేది. ఏమీ లేదు. చీటీ చూపించగానే, "ఇదిగో అక్కా," అని బట్టలు ఇచ్చేసేవాడు. ఊళ్లో వాళ్లందరూ ఆ సుఖం కోసం మొహం వాచిపోతుంటే, ఆమెకి మాత్రం అది చెంపదెబ్బలా ఉండేది.

ఆ మంట మీద హెడ్‌మిస్ట్రెస్ నెయ్యి పోసింది. గదికి పిలిచి, కళ్లజోడు తుడుచుకుంటూ మొదలెట్టింది.

"టీచర్‌గారూ, శనివారం క్లాసుకి నలుగురే వస్తున్నారట. మన పిల్లలంతా మీ తమ్ముడుగారి కొట్టు దగ్గరే ఉంటున్నారు. ఆ క్లాసేదో ఆయన్నే తీసుకోమంటే ఎలా ఉంటుంది?"

"వాడు పదోతరగతి తప్పాడండీ!"

"అందుకే పిల్లలకి భయం లేదేమో! కబురు పంపాను. సోమవారంలోగా చెబుతానన్నారు."

పందొమ్మిదేళ్ల శనివారాలు. టీచరుకి ఆ గదిలోంచి స్టాఫ్ రూముకి దారి కనబడలేదు. ఇంటికెళ్లి ఒక ఎర్ర పెన్నూ, రెండొందల పేజీల నోట్‌బుక్కూ తీసి సంచిలో పెట్టుకుంది. ఆదివారమంతా ఆ కొట్లో కూర్చోవాలి. వాడి నోట్లోంచి వచ్చే ప్రతి తప్పూ రాయాలి. సోమవారం పొద్దున్నే ఆ జాబితా హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాలి. ఎటూ బడి వార్షికోత్సవానికి కోటు కుట్టించుకుంటోంది, ఆ వంక ఉండనే ఉంది.

"రా అక్కా, ట్రయల్‌కేనా? నిలబడు," అన్నాడు తమ్ముడు. అద్దం పక్కన నిలబెట్టి, పైపైన టాకాలేసిన బూడిదరంగు కోటు తొడిగి, మెడ నుంచి మోకాళ్ల దాకా గుండుసూదులు గుచ్చాడు. "కదలకు, పొడుచుకుంటాయి. రద్దీ తగ్గగానే చూస్తాను."

ఆమె మోచేతులు మాత్రం కదిలిస్తూ తప్పులు రాయసాగింది. వేటకి మంచి రోజది. వాచ్‌మన్‌తో తమ్ముడు, "వెరీ గుడ్, యూ హావ్ గాట్ అప్ మోర్ ఎర్లీ దేన్ టుమారో," అన్నాడు. ఎర్ర పెన్ను ఆనందంతో వణికింది. అయిదు గంటలకి ఇరవై మూడు తప్పులు.

అయిదుంపావుకి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, చెరో వైపు నుంచి. పెద్దాయనది తాళాల కొట్టు, చిన్నాయనది ఎదురుగానే గడియారాల కొట్టు. నాలుగేళ్లుగా మాటల్లేవు. ఒకరినొకరు చూడగానే ఇద్దరూ వెనక్కి తిరిగారు. కానీ దర్జీ చేతివాటం తక్కువది కాదు. "ఒక్క నిమిషమేనండీ" అంటూనే చెరో టాకాల చొక్కా తొడిగి, చంకల కింద, నడుం చుట్టూ సూదులు దిగ్గొట్టి, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టేశాడు. చేతులు దింపితే చంకల్లో పొడుచుకుంటాయి. దొంగలు తుపాకి చూపించినట్టు ఇద్దరూ చేతులెత్తి నిలబడ్డారు.

"అయ్యో, సుద్దముక్క అయిపోయింది. ఇప్పుడే తెస్తాను," అని దర్జీ చక్కా పోయాడు.

చిన్నాయన పైకప్పు వాసాలు లెక్కపెట్టాడు. తర్వాత పెద్దాయన గోడని చూస్తూ అన్నాడు. "పొడుచుకుంటోందా?"

"ఊఁ. నీకు?"

"ఎడమ చంకలో." కాసేపాగి, "నీ కొట్లో గోడగడియారం పది నిమిషాలు వెనకుంటోంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను."

"మరి చెప్పొచ్చుగా అన్నయ్యా! ఊళ్లో అందరూ అదే చూసి బస్సు తప్పిపోతున్నారు!"

"ఎలా చెప్పనురా? మనకి మాటల్లేవుగా!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వగానే ఇద్దరికీ సూదులు పొడుచుకుని "అబ్బా!" అని ఒకేసారి అరిచారు. ఆ అరుపుకి మళ్లీ నవ్వారు.

టీచరు కళ్లు మాత్రం బల్ల మీదున్నాయి. అక్కడ పెట్టె నిండా సుద్దముక్కలున్నాయి. పక్కన కొలతల పుస్తకం. పొద్దుట్నుంచీ గమనిస్తోంది, ఎవరు వాక్యం చెప్పినా తమ్ముడు అందులో ఏదో రాసుకుంటున్నాడు. పుస్తకం వేస్తున్నాడు! తను ఇరవై తొమ్మిదేళ్లుగా రాద్దామనుకుంటున్న ఇంగ్లీషు పుస్తకం వీడు రాసేస్తున్నాడు! మూడు సూదులు ఒంట్లో దిగినా లెక్కచెయ్యకుండా చెయ్యి చాచి అందుకుంది.

'తాళాలాయన. ఛాతీ 40, నడుము 38. తమ్ముడితో ఫెల్ అవుట్, చెడింది, నాలుగేళ్లు. ఆదివారం 5.15.'

'గడియారాలాయన. ఛాతీ 38. అన్నతో అదే. ఆదివారం 5.15.'

'నర్సు. చెయ్యి 22. పొద్దున వంటింట్లో బ్రోక్ డౌన్, ఏడ్చిందట, ఎవరూ చూడలేదట. గౌనుకి లోపల జేబు పెట్టాలి, రుమాలు పట్టేంత.'

'వెనకబెంచీ అమ్మాయి. గ్రోన్ అవుట్ ఆఫ్, పొడుగైపోయింది, యూనిఫాం పొట్టి. చెప్పడానికి సిగ్గు. అడక్కుండా మడత విప్పాలి.'

'పోస్ట్‌మ్యాన్. కుక్క మంచిదే. బిస్కట్లు.'

అలా పేజీలకి పేజీలు. చివర్లో ఒక పేజీ పైన 'అక్క' అని ఉంది. భుజం పదిహేను, చెయ్యి ఇరవై ఒకటి. కింద బావగారు మోసిన వార్తలు, తను కళ్లారా చూసినవి. 'శనివారం క్లాసుకి ఆరుగురే టర్న్ అప్.' 'ఈసారి నలుగురే.' 'బకెట్ల వెనక ఎండలో నిలబడుతోంది. ప్లాస్టిక్ కొట్టాయనతో చెప్పి స్టూలు వేయించాలి.' అన్నిటికంటే కింద, అడుగున రెండు గీతలు గీసి, 'తనని లెఫ్ట్ అవుట్, అందరూ వదిలేశారనుకుంటోంది. ఏం చెయ్యాలి?'

దర్జీ వచ్చేసరికి అన్నదమ్ములు సూదులు ఒకరికొకరు తీసుకుని, గడియారం సరిచెయ్యడానికి వెళ్లిపోయారు. అతని చేతిలో సుద్ద లేదు, రెండు టీ గ్లాసులున్నాయి. అక్క చేతిలో పుస్తకం చూసి ఆగిపోయాడు.

"అది కొలతల పుస్తకం అక్కా."

"ఇవేం కొలతలురా?"

"టేపుకి అందనివి." టీ ఆమె చేతికిచ్చాడు. "ఎలా ఉన్నారండీ అని తెలుగులో అడిగితే ఎవరైనా ఏమంటారు? బాగున్నామంటారు. అదే ఇంగ్లీషులో అడిగావనుకో, తోక ఎక్కడ తగిలించాలా అని చూసుకునే హడావిడిలో నిజం చెప్పేస్తారు."

టీచరుకి పారిపోవాలనిపించింది. కానీ ఒంటినిండా సూదులు.

"మరి నన్నెందుకు అడగలేదురా? ఒక్కసారైనా?"

"కొడతావని."

"నేనా!"

"స్కేలుతో. పదో తరగతప్పుడు 'గివ్ అప్'తో వాక్యం రాయమన్నావ్. నేను గైడులోంచి ది కింగ్ గేవ్ అప్ హిజ్ థ్రోన్ అని రాశాను. ఫెడీమని ఒకటిచ్చి, 'మనింట్లో రాజెవడ్రా, సింహాసనమేది? ఇవాళ మనింట్లో జరిగిందే చెప్పు' అన్నావ్. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్క దెబ్బే అక్కా. నీ నియమం పట్టుకుని నిన్నే పరీక్ష చెయ్యమంటావా?"

ఆమెకి ఆ స్కేలు గుర్తొచ్చింది. ఆ మాట ఎప్పుడు వదిలేసి గైడు పట్టుకుందో మాత్రం గుర్తురాలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మరి మూడుసార్లు ఎందుకు తప్పావు?" అంది.

"పరీక్షలో ఇవాళ ఏం జరిగిందని ఎవడూ అడగలేదుగా!"

టీ పొలమారింది. సూదులు పొడిచాయి. "మరి హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఏం చెప్పావు?" అంది, ఆ ప్రశ్న కోసమే పొద్దుట్నుంచీ నిలబడ్డానని బయటపడకుండా.

"రానన్నాను. నా ఇంగ్లీషంతా తప్పులండీ, ఆదివారం ఒక్కరోజే ఇరవై చేస్తానన్నాను. నువ్వెన్ని రాశావ్?"

"ఇరవై మూడు."

"చూశావా, మూడు తగ్గించి చెప్పాను. ఒక్క కోరిక మాత్రం కోరాను ఆవిడని."

"ఏంటది?"

"శనివారం చూద్దువుగాని. ఎడమచెయ్యి ఎత్తు."

శనివారం సాయంత్రం టీచరు ఎప్పటిలా నలుగురి కోసం గైడు పట్టుకుని క్లాసు తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది. నలభై ఆరుగురూ ఉన్నారు. అందరూ కొత్త యూనిఫాంలలో, టాకాలతో, మెడ నుంచి మోకాళ్ల దాకా సూదులతో, చేతులు చాపి, ఆరేసిన బట్టల్లా నిలబడి ఉన్నారు. తమ్ముడు నోట్లోంచి ఆఖరి సూది తీసి ఆఖరి పిల్లకి గుచ్చాడు.

"యూనిఫాం ట్రయల్స్ అక్కా. ఇక్కడైతే వెలుతురు బాగుంటుందని హెడ్‌మిస్ట్రెస్‌గారిని అడిగాను. ఎవరూ ఎక్కడికీ పారిపోలేరు. అయ్యో, సుద్దముక్క అయిపోయింది!" అని చక్కా పోయాడు.

బోర్డు కింద సుద్దముక్కలు గుట్టగా ఉన్నాయి. టీచరు ఒకటి తీసుకుని అలవాటుగా 'పుట్' అని రాసింది. ఆగింది. గైడు మూసి కిటికీలో పెట్టింది.

"పుట్ అప్ విత్. ఓర్చుకోవడం. గైడులోది వద్దు. ఇవాళ జరిగిందే చెప్పాలి."

వెనకబెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. నిజానికి అది ముందే లేచి ఉంది, దించడానికి వీల్లేక.

"టీచర్, ఎ పిన్ ఈజ్ పోకింగ్ మీ సిన్స్ ఫోర్ ఓ క్లాక్. ఐయాం పుటింగ్ అప్ విత్ ఇట్."

టీచరే ముందు నవ్వింది. నలభై ఆరుగురూ నవ్వారు. నవ్వగానే నలభై ఆరు "అబ్బా"లు. ఆ పిల్ల వాక్యంలో ఒక తప్పుంది. ఎర్ర పెన్ను సంచిలోనే ఉండిపోయింది. తర్వాత గంటన్నరపాటు ఆ గదిలో బామ్మలు తలుపులేశారు, అన్నలు అలిగారు, పాలు పొంగాయి, ఒక పిల్లి ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చింది. అంతా ఇవాళే.

క్లాసయ్యాక టీచరు వరండాలోకి వచ్చింది. చివర, కడగడానికి పేర్చిన బకెట్ల వెనక ఏదో కదిలింది. వెళ్లి చూస్తే తమ్ముడు. గోడకి చెవి ఆనించి, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మొహం మాడిపోయి ఉంది, అచ్చం ఇన్నాళ్లూ ఆమె మొహం ఉన్నట్టే.

"నువ్వేంట్రా ఇక్కడ?"

దర్జీ లేచి, బట్టలు దులుపుకుని, చేతికందిన దాన్ని పట్టుకున్నాడు.

"బకెట్ కొందామని వచ్చానక్కా."